మా జేజి డేరా గుడ్డ

పోయిన నెల చిన్నాయన ఫోన్ చేశాడు. "ఇల్లు ఇచ్చేసినాం రా అబ్బీ, రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. అటక మీద సామాను దించుతుండాం. నీకేమన్నా కావాలంటే ఆదివారం లోపల వచ్చి తీస్కపో, తర్వాత నన్ను అనొద్దు" అని. కర్నూలు పాతబస్తీలో మా ఇల్లు బేరానికి పెట్టారని తెలుసు గానీ ఇంత తొందరగా తెములుతుందని అనుకోలేదు. శనివారం పొద్దున్నే హైదరాబాద్‌లో బస్సెక్కాను.

బస్సు తుంగభద్ర వంతెన మీదికి రాగానే కిటికీలోంచి నీళ్లు ఎంతున్నాయో చూడటం మా ఇంట్లో అందరికీ ఉన్న జబ్బు. "ఏటిలో నీళ్లుండాయా?" అనేది ఊరి నుంచి ఎవరొచ్చినా మా జేజి అడిగే మొదటి ప్రశ్న. ప్రయాణం ఎట్లా జరిగింది, అన్నం తిన్నావా, పిల్లలెట్లున్నారు, అవన్నీ దాని తర్వాతే. (మా వైపు నాయనమ్మను జేజి అంటారు, తాతను జేజినాయన అంటారు. చిన్నపిల్లలకు దేవుణ్ణి చూపించి జేజి అనే అంటారు కదా, నాకు చాలా రోజులు రెండూ ఒకటే అనిపించేది.) ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. అయినా చూశాను. నడిమధ్యన సన్నటి పాయ, అటూ ఇటూ బండలు, బండల మీద ఆరేసిన బట్టలు. అంతే.

ఇంట్లో నడవా నిండా సామాను. ఇత్తడి గంగాళాలు, కాలు విరిగిన మంచం, పిడి లేని తిరగలి, మా నాయన చదువుకునే రోజుల్లోని జామెట్రీ బాక్సు. అన్నిటి వెనకాల ఓ ట్రంకు పెట్టె. గొళ్లేనికి తుప్పు పట్టి ఊడి రాలేదు, చిన్నాయన సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. మూత లేవగానే ముందు నాఫ్తలీన్ ఉండల వాసన, దాని వెనకాలే ఇంకో వాసన. ఒండ్రు వాసన. తడి మట్టి, మురిగిన గడ్డి, ఎక్కడో కాస్త కిరసనాయిలు, అన్నీ కలిసినట్టుంటుంది. 2009లో ఏరు ఊళ్లోకి వచ్చిపోయాక నెలల తరబడి ఊరంతా ఇదే కంపు. చిన్నమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని "ఇంగా పోలేదే ఇది!" అంది, ఎవరో మొండి చుట్టం గురించి అన్నట్టు.

పెట్టె అడుగున మడత పెట్టి ఉంది డేరా గుడ్డ. దాని గురించి రాయాలంటే మా ఊరు మూడేళ్లు రాజధానిగా వెలిగిన ముచ్చట చెప్పాలి, దానికంటే ముందు మా ఇల్లు చెప్పాలి.

*

మించిన్ బజార్‌కు దగ్గర్లో ఓ గేరిలో ఉండేది మా ఇల్లు. గేరి అంటే వీధే, కానీ వీధి అంత వెడల్పు ఉండదు, ఎదురింటి పోపు వాసన మా ఇంట్లోకొచ్చేంత దూరం అన్నమాట. నేను పుట్టి పెరిగినప్పటికి అది మట్టి మిద్దె. దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన మట్టి తొక్కిన కప్పు. వానాకాలం ముందర ఏటా చౌడు మట్టి తెప్పించి మిద్దె మీద పరిచేవాళ్లు, ఆ పని చేస్తున్నంతసేపూ జేజినాయన కింద నిలబడి "ఆ మూల, ఆ మూల" అని అరుస్తుండేవాడు. ఎన్ని మూలలు చూపించినా జూలైలో సరిగ్గా ఆయన మంచం మీదే కారేది.

నడిమింట్లో కప్పుకు చిన్న గవాచి ఉండేది. దానిలోంచి ఎండ గుండ్రంగా నేల మీద పడి, పొద్దున గోడ దగ్గర మొదలై మెల్లగా రోటి దాకా పాకేది. గోడ గడియారం ఉన్నా జేజి దాన్ని నమ్మేది కాదు. "ఎండ రోటి కాడికొచ్చింది, ఇంగా స్నానాలు కాలేదా?" అనేది. మేం ఆ ఎండలో చెయ్యి పెట్టి, దుమ్ము రేణువులు పైకీ కిందికీ పోవడం చూస్తూ కూర్చునేవాళ్లం. కింద బేతంచెర్ల నాపరాయి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండ ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం బండల మీద నీళ్లు చల్లుకుని చొక్కా విప్పేసి బోర్లా పడుకుంటే, లేచినప్పుడు కడుపు మీద బండ గీతలు అచ్చు పడేవి.

చప్పుళ్లు కూడా వరసగా ఉండేవి. తెల్లవారకముందే మసీదు అజా. అది అయ్యీ అవ్వకముందే గుళ్లో మైకు గరగర, తర్వాత సుప్రభాతం. రెండిటి మధ్యలో మా జేజి దగ్గు. కాసేపటికి మీటర్ గేజి రైలు కూత, గాలి ఇటు వీస్తే దగ్గరగా, అటు వీస్తే ఎక్కడో అలంపూరు అవతల ఉన్నట్టు. ఆ తర్వాత స్టేషన్ నుంచి వచ్చే జట్కాలు. గుర్రం డెక్కలు నాపరాళ్ల మీద ఒక రకంగా, మట్టి మీద ఒక రకంగా మోగేవి, బండి గేరి మొదట్లో ఉందో మా గుమ్మం దాకా వచ్చిందో పడుకునే చెప్పేవాళ్లం. బ్రాడ్ గేజి వచ్చింది, జట్కాలు పోయినాయి, అజా, సుప్రభాతం మాత్రం ఉన్నాయి, సౌండు పెరిగింది.

*

జేజినాయనకు బజార్లో చిన్న హోటలుండేది. ఆయన నోట అది "వోటలు". రెండు బెంచీలు, ఓ రాతి బండ బల్ల, మూలన కట్టెల పొయ్యి. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం అన్నం, పప్పు, గోగాకు, మజ్జిగ. రాత్రికి జొన్న రొట్టె. బోర్డు లేదు. బోర్డు ఎందుకు, తెలిసినవాడికి తెలుసు, తెలియనివాడికి బజ్జీ వాసన చెబుతుంది అనేవాడు.

అట్లాంటి హోటలుకు 1953లో దశ తిరిగింది. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది, నెహ్రూ వచ్చి ప్రారంభించి వెళ్లాడు, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. మద్రాసు మనకు దక్కలేదు కాబట్టి రాజధాని ఇంకోచోట పెట్టుకోవాలి. 1937లో శ్రీబాగ్‌లో పెద్దమనుషులు రాసుకున్న ఒప్పందంలో రాజధానో హైకోర్టో ఏదో ఒకటి సీమకు ఇవ్వాలని ఉంది, అట్లా రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు పోయాయి. వినడానికి గొప్పగానే ఉంది. కానీ అప్పటి కర్నూలెంత? ఓ జిల్లా కేంద్రం. ఆఫీసులకు చాలినన్ని కట్టడాలు లేవు, ఉద్యోగులకు ఇళ్లు లేవు. దాంతో డేరాలు వేశారు. ఆఫీసులు డేరాల్లో, కాపురాలు డేరాల్లో. మా జేజి మాటల్లో చెప్పాలంటే, "జాతర మాదిరి ఉండె నాయనా. జాతరైతే మూడు దినాలకు పోతారు. వీళ్లు మూడేండ్లుండిరి."

మద్రాసు నుంచి ఫైళ్లతో పాటు దిగిన గుమాస్తాల్లో ఎక్కువమంది కోస్తా సర్కారు జిల్లాల వాళ్లు. ట్రాములు, బీచి, కాఫీ క్లబ్బులు అలవాటైన మనుషులు. వాళ్లకు మా ఊరు ఎట్లా కనిపించి ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే జాలేస్తుంది. వాళ్లలో ఓ గుమాస్తా మా జేజినాయన హోటల్లో మొదటిసారి ఉగ్గాని చూసి "ఇదేంటండీ, మరమరాలు వానలో తడిశాయా?" అన్నాడట. తడపడం నిజమే. బొరుగులు నీళ్లలో వేసి, ఒక్క మునక ముంచి, గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాలింపులో కలిపి, దించేముందు పుట్నాల పొడి చల్లుతారు. ఎక్కువసేపు నానితే ముద్ద, తక్కువైతే గొంతుకడ్డం. జేజినాయన ఏమీ అనకుండా ఆయన ముందు బజ్జీ కూడా పెట్టాడట. వారం తిరిగేసరికి ఆ గుమాస్తా నలుగుర్ని వెంటబెట్టుకొచ్చాడు. కానీ మూడేళ్లూ మరమరాలనే అన్నాడు, బొరుగులు అనలేదు. "పట్టుదల గల మనిషి" అనేవాడు జేజినాయన.

ఎండాకాలం వచ్చేసరికి ఆయన పట్టుదల కరిగింది. డేరాలో మధ్యాహ్నం పూట కూర్చోలేక ఫైళ్లు చంకన పెట్టుకుని హోటలుకొచ్చి, రాతి బల్ల మీద నీళ్లు చల్లించుకుని అక్కడే రాసుకునేవాడట. "ఉడికిపోతున్నామండీ, ఉడికిపోతున్నాం" అనేది ఆయన ఊతపదం. మా ఇంట్లో అది సామెత అయిపోయింది. కరెంటు పోతే చాలు, ఎవరో ఒకరు కోస్తా యాసలో "ఉడికిపోతున్నామండీ" అనేవాళ్లు, మిగతావాళ్లు నవ్వేవాళ్లు. ఆ గుమాస్తా ఎవరో, ఏ ఊరో మాలో ఎవరికీ తెలియదు.

ఇంటి ముందరి రెండు గదులు మరో ఉద్యోగి కుటుంబానికి అద్దెకిచ్చారు. ఆ ఇల్లాలి దగ్గర మా జేజి ఫిల్టరు కాఫీ నేర్చుకుంది. రాజధాని వల్ల మా ఇంటికి కలిగిన శాశ్వత లాభం అదొక్కటే అని నా లెక్క. నష్టాల గురించి జేజిని అడగాల్సిందే. అద్దెలు పెరిగాయి, పాలు చిక్కబడటం మానేశాయి, కూరగాయలవాడు "సెక్రటేరియట్‌ వాళ్లు ఇంతకే కొంటున్నారు" అని బేరం ఆడనిచ్చేవాడు కాదు. ఓసారి నేను స్కూల్లో నేర్చుకుని వచ్చి, మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి మొదటి రాజధాని అని గొప్పగా చెబితే, "దాని మొగం, నీళ్లకు లైను పెరిగింది" అంది.

1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది, మద్యనిషేధం గొడవ మీద. ఆ సాయంత్రం హోటల్లో టీ చాలక, ఇంటి నుంచి చక్కెర తెప్పించారట. "ప్రభుత్వాలు పడిపోతే హోటళ్లు నిలబడతాయి" అని జేజినాయన నవ్వేవాడు గానీ ఆయనకు పంతులు గారంటే గౌరవం. ఎనభై దాటిన మనిషి అంత ఎండలో టోపీ లేకుండా నిలబడ్డాడని, దూరం నుంచి ఒక్కసారే చూసింది, జీవితాంతం చెప్పాడు.

1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాద్‌కు పోయింది. ఫైళ్లు లారీలెక్కాయి. ముందరి గదులు ఖాళీ. హోటల్లో రెండు బెంచీలు మళ్లీ రెండు బెంచీలే. ఊళ్లో మిగిలినవేంటంటే ఉద్యోగుల కోసం వెలిసిన ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు. ఇప్పటికీ ఆటోవాడికి "సి క్యాంప్ పోవాల" అని చెబుతాం, ఎందుకు క్యాంపు అంటారో ఈ కాలం పిల్లలకు తట్టను కూడా తట్టదు. రైతుబజారు అంటే తెలుస్తుంది.

ఇక మా ఇంట్లో మిగిలింది డేరా గుడ్డ.

అది మా ఇంటికెట్లా వచ్చిందనేదాని మీద రెండు కథలున్నాయి. డేరాలు ఎత్తేసేటప్పుడు వేలం వేస్తే తను పాడుకున్నానని జేజినాయన. వేలమూ లేదు పాడూ లేదు, ఓ గుమాస్తా అన్నం బాకీ కింద ఇచ్చిపోయాడని జేజి. ఎవరి కథ వాళ్లు చచ్చేదాకా వదల్లేదు. నాకు జేజి కథే నిజమనిపిస్తుంది, ఎందుకంటే ఎంతకు పాడావు అని అడిగినప్పుడల్లా జేజినాయన వేరే వేరే రేటు చెప్పేవాడు.

*

గుడ్డ గురించి చెప్పాలి. ముతక కాన్వాసు, ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండేదట, నాకు తెలిసినప్పటికి ఎండిన వేపాకు రంగు. అంచుకు ఇత్తడి కంతలు, కొన్నిట్లో తాడు ముక్కలు ఇంకా ఉండేవి. ఓ మూలన నల్ల రంగుతో ఏవో ఇంగ్లీషు అక్షరాలు, కింద ఓ నంబరు. అక్షరాలు చెరిగిపోయాయి, నంబరులో ఏడు మాత్రం గట్టిగా నిలబడింది. పొడుగ్గా పరిస్తే మిద్దె సగం నిండేది. ఇద్దరు పెద్దవాళ్లు పట్టుకుంటే గానీ మడత పడేది కాదు.

ఎండాకాలమంతా అది మిద్దె మీదే. మిరపకాయలు, చింతపండు, కందులు, వడియాలు. గుమ్మడికాయ వడియాలు పెట్టే రోజు మమ్మల్ని కాకుల కాపలాకు పెట్టేవాళ్లు, అప్పుడు మేం ఆడే ఆట పేరు "రాజధాని". ఆ ఏడు నంబరు మీద కూర్చున్నవాడు ముఖ్యమంత్రి. మిగతావాళ్లు చేతులెత్తి ఓటేసి దించెయ్యొచ్చు. మా ప్రభుత్వాలు పావుగంటకొకటి పడిపోయేవి, ఈలోపల కాకులు వాటి పని అవి చూసుకునేవి. రాత్రి వడియాలు తీసేసి, గుడ్డ దులిపి, దాని మీదే పక్కలు. వీపుకు కాన్వాసు గరుకు, దానిలోంచి ఇంగువ వాసన, మిరపకాయ ఘాటు. అర్ధరాత్రి దాటాక ఏటి వైపు నుంచి కాస్త చల్లగాలి. జేజినాయన అప్పుడు కథలు మొదలుపెట్టేవాడు.

ఆయన కథల్లో మొదటిది ఎప్పుడూ కందెన. అలంపూరులో గుళ్లు కట్టేటప్పుడు రాళ్లు తోలే బండ్లు ఏరు దాటేముందు ఇక్కడ ఆగి, ఇరుసులకు కందెన రాసుకునేవాళ్లంట. అందుకే కందెనవోలు, అదే పోనుపోను కర్నూలయింది. ఇది ఊళ్లో అందరూ చెప్పేదే. కానీ జేజినాయన చెబితే వేరుగా ఉండేది, ఎందుకంటే ఆయన చిన్నతనంలో బండి తోలాడు. ఇరుసు దగ్గర వేలాడే వెదురు గొట్టం, దాన్నిండా ఆముదం మడ్డి, అందులో కాల్చిన గడ్డి మసి. పుల్లతో తీసి రాస్తే బండి ఏడుపు ఆపేస్తుంది అనేవాడు. "రాయనిబండి ఎట్లా ఏడుస్తుంది?" అని అడిగితే గొంతుతో చేసి చూపించేవాడు, కీ... అని, పక్కింటి వాళ్లు లేచి "ఏందన్నా అది" అనేదాకా.

రెండో కథ కొండారెడ్డి బురుజు. అలంపూరును ఏలిన కొండారెడ్డిని అందులో బంధించారంటారు, లోపలి నుంచి ఏటి అడుగున సొరంగం తవ్వుకుని గద్వాలకు పోయాడంటారు. గద్వాల ఎంత దూరమో మాకప్పుడు తెలియదు. బురుజులోకి దిగి, చీకట్లో గబ్బిలాల కంపు ముక్కు పగలగొడుతుంటే, ఎవడు ఎన్నడుగులు ముందుకేస్తాడో పందెం. పదకొండు అడుగులు నా రికార్డు. ఈమధ్య ఓ పెద్ద హీరో సినిమాలో ఆ బురుజు కనిపించినప్పటి నుంచీ అందరూ దాని ముందర నిలబడి తొడ కొట్టి ఫొటోలు దిగుతున్నారు. దిగనీ. పదహారో శతాబ్దం, విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన కోటలో మిగిలినవాటిలో అదొకటి.

మూడోది నవాబు కథ, దీన్ని గొంతు తగ్గించి చెప్పేవాడు. ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు పోగేస్తున్నాడని 1839లో కంపెనీ వాళ్లు పట్టుకుని తిరుచినాపల్లికి పంపారు, మరుసటి ఏడు అక్కడే ఎవరో పొడిచి చంపేశారు. ఇది చెప్పేటప్పటికి సగంమంది నిద్రపోయేవాళ్లం. పూర్తిగా వినడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

*

పీర్ల పండగ రాసుకోకపోతే జేజి ఒప్పుకోదు. మా గేరి చివర పీర్ల చావిడి. పీర్లు లేచే రోజుల్లో ఇంట్లో నీచు వండేది కాదు. నాకు చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే, తగ్గితే చక్కెర చదివిస్తానని మొక్కుకుంది. ఆ ఏడు నుంచి తప్పకుండా గుండం ఎదురుగా నిలబడి, పళ్లెంలో చక్కెర, పైన తమలపాకు, నన్ను పక్కన పెట్టుకునేది. ముజావర్ నెమలీక కట్ట నా తల మీద మూడుసార్లు తాకించేవాడు. అది తాకితే చక్కిలిగింత. నవ్వితే జేజి తొడపాశం. ఆ చక్కెరకు పొగ వాసన, ఊదు వాసన పట్టి ఉండేది, మామూలు చక్కెర కంటే ఎక్కువ తియ్యగా ఉండేదని ఇప్పటికీ నా నమ్మకం. వినాయకచవితికి కె.సి. కెనాల్ (కర్నూలు-కడప కాలువ) ఘాట్ దగ్గర నిమజ్జనం, దానికి మా చావిడి పిల్లలు ముందుండి బండి తోసేవాళ్లు.

కాలువలోనే ఈత నేర్చుకున్నాం, నడుముకు మునగబెండు కట్టుకుని. తెల్లదొరల కంపెనీ ఒకటి 1860లలో దాన్ని తవ్వించిందట, పంటలకే కాక పడవలు తోలడానికీ. కంపెనీకి లాభం రాక 1882లో ప్రభుత్వానికి అమ్మేసింది. మాకు మాత్రం మంచి లాభమే వచ్చింది.

*

2009 అక్టోబరు 2, శుక్రవారం. గాంధీ జయంతి సెలవు. ముందురోజే రాష్ట్రం పుట్టి యాభై ఆరేళ్లు అయిందని ఏదో పేపర్లో చదివి జేజికి ఫోన్ చేశాను. "వాన పడుతుండాది. హంద్రీ వచ్చిందంట" అంది. హంద్రీ అంటే మాకు నవ్వు, ఏడాదిలో పది నెలలు ఇసకే కనిపించే ఏరు. మర్నాడు చిన్నాయన ఫోన్: "నడవాలోకి వచ్చింది." పది నిమిషాలకు మళ్లీ: "పొయ్యి మునిగింది." ఆ తర్వాత ఫోన్ లేదు. టీవీలో మా ఊరు హెలికాప్టర్లోంచి చూపిస్తున్నారు, ఎర్రటి నీళ్లు, మధ్యలో మిద్దెలు, మిద్దెల మీద మనుషులు. ఏది మా మిద్దె అని తెరకు ముక్కు ఆనించి వెతికాను. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే పొంగాయి, శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వస్తోందని, డ్యామ్ వెనకాల నీళ్లు ఎగదన్నుతున్నాయని చెబుతున్నారు. వాళ్లు చెబుతున్న అంకెలన్నీ ఎందుకు, మా ఇంట్లో నీళ్లు ఎంతెత్తుకొచ్చాయన్నదే నాకు కావాలి. హైవే మూసేశారు. అంత టెన్షన్ నేను ఎప్పుడూ పడలేదు.

నాలుగో రోజు చేరాను. జేజి, చిన్నాయన, చిన్నమ్మ, పిల్లలు, చావిడి పక్కింటి వాళ్లు, మొత్తం పద్నాలుగు మంది వెనక వైపు స్లాబు మీద రెండు రాత్రులు, రెండు పగళ్లు గడిపారు. నీళ్లు ఎక్కుతున్నప్పుడు చిన్నాయన చేతికందినవి రెండే: ఓ బొరుగుల మూట, డేరా గుడ్డ. గుడ్డను నీళ్ల ట్యాంకుకూ టీవీ యాంటెనా పైపుకూ కట్టి, కింద అందరూ కూర్చున్నారు. చుట్టూ ఎటు చూసినా నీళ్లే, తాగడానికి చుక్క లేదు. జల్లు పడితే గుడ్డ మధ్యలో గుంట చేసి పట్టుకుని, చెంబుతో తీసి పిల్లలకు ముందు పోశారు. ఇంగువ వాసనొచ్చిందట ఆ నీళ్లు. బొరుగులు పొడిగానే నమిలారు. పక్కింటి అమ్మీజాన్ రెండో రాత్రి "తడపని ఉగ్గాని" అని పేరు పెట్టిందట దానికి. అంత భయంలోనూ నవ్వుకున్నామని చిన్నమ్మ చెప్పింది.

ముందు వైపు మట్టి మిద్దె మొదటి రాత్రే కూలిపోయింది. గవాచి, దూలాలు, రోలు, అన్నీ ఒకే కుప్ప. జేజినాయన హోటలు ఖాతా పుస్తకాలు, ఉన్న ఒక్క ఫొటో, ఇంటి కాగితాలు, నా పదో తరగతి పుస్తకాలు, ఒండ్రులో ఇటుకల్లాగా గట్టిపడ్డాయి. ఊళ్లో దుకాణాల వాళ్లు చీరలు, పుస్తకాలు, బియ్యం రోడ్ల మీద ఆరబోశారు. మోకాలి లోతు బురదలో చనిపోయిన బర్రెలు. ఆ వాసన అన్నంలో, బట్టల్లో, నిద్రలో. పరిహారం జాబితాలో మా ఇంటి నంబరు తప్పు రాశారు, చిన్నాయన నాలుగు నెలలు తిరిగాడు, దాని గురించి ఇంకేం రాయను, రాస్తే నాకు బీపీ.

జేజి స్లాబు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కాళ్లకు బురద ఎండిపోయి తెల్లగా పొరలు లేస్తున్నాయి. నన్ను చూసి "అన్నం తిన్నావా?" అంది. ముందు అదే అడిగింది. ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లు బతికింది, నేను ఎన్నిసార్లు ఊరికొచ్చినా ఏటిలో నీళ్ల సంగతి అడగలేదు.

గుడ్డను కాలువకు తీసుకెళ్లి మూడుసార్లు ఉతికించారు. వాసన పోలేదు. "ఏటి కంపు వడియాలకు పడతాది" అని జేజి దాన్ని పెట్టెలో పెట్టేసింది. మళ్లీ తియ్యలేదు.

*

ఆ మధ్య కర్నూలు న్యాయ రాజధాని అన్నారు, ఊళ్లో స్థలాల రేట్లు ఎగిరాయి, తర్వాత ఆ చట్టమే వెనక్కి తీసుకున్నారు. చిన్నాయన అప్పుడే ఇల్లు అమ్మి ఉంటే బాగుండేదని చిన్నమ్మ ఇప్పటికీ సణుగుతుంది. జేజి ఉంటే నీళ్ల లైను గురించి అడిగి ఉండేది.

శనివారం మధ్యాహ్నం ఇద్దరం గుడ్డను కొత్త స్లాబు మీద పరిచాం. ఏడు ఇంకా కనిపిస్తోంది. కాసేపు దాని మీద కూర్చున్నాను, అరవైకి దగ్గరపడుతున్న మనిషిని, చిన్నాయన చూడకుండా. తీసుకెళదామనుకున్నా గానీ బస్సులో మోసుకుపోగలిగే బరువు కాదు అది. చిన్నమ్మ సగం సగం చేద్దామంది. పూలబజార్లో మాకు తెలిసిన టైలర్ దగ్గరికి ఓ మూల తీసుకెళ్లి చూపిస్తే, వేళ్లతో నలిపి, "దీన్ని కోస్తే కత్తెర పోతుంది, అంచు కుడితే సూది పోతుంది, ఏది పోవాలో చెప్పండి" అన్నాడు. దాంతో నేను ఇత్తడి కాఫీ ఫిల్టరు తీసుకుని వచ్చేశాను.

వాళ్ల కొత్త ఫ్లాటు నంద్యాల చెక్‌పోస్టు దాటాక, మూడో అంతస్తు. మిద్దె మీద వడియాలు, మిరపకాయలు ఎండబెట్టకూడదని అపార్ట్‌మెంట్ వాళ్లు లిఫ్టులో కాగితం అతికించారట. చిన్నమ్మకు ఒళ్లు మండిపోయింది. బాల్కనీ చూస్తే పడమర ముఖం, మధ్యాహ్నం నుంచి ఎండ సోఫా దాకా వస్తుంది. నిన్న రాత్రి చిన్నాయన ఫోన్ చేశాడు. చిన్నమ్మ గుడ్డను బాల్కనీకి అడ్డంగా కట్టించిందట, ఇత్తడి కంతలకు నైలాన్ తాడు వేసి.

"చల్లగుందా చిన్నాయనా?"

"చల్లనా! గాలి కూడా ఆడ్డంలే. డేరాలో కూర్చున్నట్టే ఉండాది" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, కోస్తా యాస పెట్టి, "ఉడికిపోతున్నామండీ" అన్నాడు. వెనకాల నుంచి చిన్నమ్మ నవ్వు వినిపించింది.